మూడో చరణం దాకా

పోయిన మంగళవారం పొద్దున ఫోను మోగింది. అవతల మా సన్నగొంతోడు. ఇప్పుడు వాడి గొంతు సన్నగా లేదు, వాడూ సన్నగా లేడు. పేరు మాత్రం మిగిలింది.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"రిటైరైనోణ్ణి. టీ తాగుతున్న."

"నాయినకు నిద్ర పడ్తలేదు. వారమైతుంది. డాక్టరు గోళీలిచ్చిండు, పని చేస్తలేవు. ఆదివారం పగటీలి వస్తవా? మిగతా ఇద్దరికి చెప్పిన."

"నేనొచ్చి ఏం జెయ్యాల్రా? నేను డాక్టరును గాదు."

"షూ అనాలె," అన్నాడు వాడు.

నేను టీ గ్లాసు కింద పెట్టాను. నాకు జీవితంలో వచ్చిన ఒకే ఒక్క సంగీతం అది. దాన్ని ఎవరైనా అడిగి దశాబ్దాలైంది. ఆదివారం దాకా ఆగడం కష్టమైంది. స్నానాల గదిలో రోజూ సాధన చేశాను. గ్యాస్ లీకవుతోందేమోనని మా ఆవిడ రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళి చూసి వచ్చింది.

ఆదివారం పొద్దున ఖమ్మంలో బస్సెక్కాను. కిటికీ పక్క సీటు. ఎండలు ముదురుతున్న రోజులు. ఊళ్ళు దాటి చెట్లు మొదలైన చోట ఇప్పపువ్వు వాసన ఒక్కసారిగా లోపలికి కొట్టింది. కొంచెం తీపి, కొంచెం పులుపు, కొంచెం తాగి పడుకున్నవాడి చొక్కా. ఆ వాసన తగిలితే చాలు, నాకు పదమూడేళ్ళు వస్తాయి.

అప్పుడు మేము కొత్తగూడెంలో, బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్ళం. సాయంత్రమైతే ఇంటింటి ముందూ బొగ్గు పొయ్యి రాజేసేవారు. ఆ పొగలోంచి అమ్మలు ఒక్కొక్కరే కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చేవారు. సైరన్ కూస్తే అన్నం, ఇంకోసారి కూస్తే బడి, మూడోసారి కూస్తే నిద్ర. గడియారం ఉన్న ఇళ్ళవాళ్ళు కూడా దాన్ని అలంకారానికే పెట్టుకున్నారు.

మా క్వార్టర్ల లైనులో ఒక పద్ధతి ఉండేది. మూడో షిఫ్టు, అంటే అర్ధరాత్రి దిగి పొద్దున ఎక్కివచ్చే షిఫ్టు చేసిన మనిషి ఇంటికి రాగానే తన బూట్లు విప్పి గడపముందు బోర్లించేవాడు. బూట్లు బోర్లా ఉన్నాయంటే లోపల మనిషి పడుకున్నాడని అర్థం. ఆ ఇంటి ముందు గోలీలాట లేదు, బిందెల కొట్లాట లేదు, గట్టిగా తుమ్మడం కూడా లేదు. చెప్పులు బోర్లా పడితే ఇంట్లో గొడవలవుతాయని లోకమంతా అనుకుంటుంది. మా లైనులో సరిగ్గా ఉంటేనే గొడవ.

మా సన్నగొంతోడి నాన్న బూట్లు ఎప్పుడు చూసినా బోర్లాయే. ఆయన బాయిలో ఊరే నీళ్ళను పైకి తోడే పంపు దగ్గర పని చేసేవాడు. నేను పంపు మామ అనేవాణ్ణి. మిగతావాళ్ళకు షిఫ్టులు వారం వారం మారేవి. ఈయన మాత్రం మూడో షిఫ్టే కావాలని అడిగి తీసుకున్నాడు. రాత్రంతా బాయి అడుగున, నెత్తిన కట్టుకున్న ఒక లైటు, ఒక పంపు, ఒక మనిషి. పంపు డుం డుం డుం అని ఒకే తీరున నడిచినంతసేపూ ఆయనకు పని లేదు. ఆ తీరు కొంచెం తప్పిందంటే లేచి ఉరకాలి, లేకపోతే నీళ్ళు మీదికొస్తాయి. ఆయన అక్కడ నిద్రపోయేవాడని నేననను. కళ్ళు మూసుకుని వినేవాడు.

పగలు ఇంట్లో మాత్రం నిజంగానే పడుకునేవాడు. దాంతో సన్నగొంతోడికి నాన్నంటే ముఖ్యంగా ఒక వీపు.

మా బృందం పుట్టడానికి కారణం మా బాబాయి. ఆయన ఆఫీసర్ల బంగళాల్లో కరెంటు పని చేసేవాడు. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు, మోయడం ఇష్టం లేక, ఒక పాత గ్రామఫోనూ ఒకే ఒక్క రికార్డూ ఆయనకిచ్చిపోయాడు. దాంట్లో వాయిద్యాలు లేవు. నలుగురు మగవాళ్ళు. ఒకడు పాడుతుంటే మిగిలిన ముగ్గురూ కింద "డూ... వా... డుం" అంటూ ఉంటారు. ఇంగ్లీషే గానీ, మాకు అర్థమయ్యే ఇంగ్లీషు కాదు. నాలుగు సాయంత్రాలు విన్నాం. అయిదో సాయంత్రం స్ప్రింగు తెగింది.

దాన్ని డూ-వాప్ అంటారని, అమెరికాలో వీధి మలుపుల్లో కుర్రాళ్ళు పాడేవారని చాలా ఏళ్ళ తర్వాత కాలేజీ లైబ్రరీలో చదివాను. వాయిద్యాలు కొనే స్తోమత లేక నోటితో మొదలుపెట్టారట. ఆ అర్హత మాకూ ఉంది. అదనంగా, గట్టిగా పాడితే తన్నులు తినే అర్హత కూడా ఉంది.

అందుకని బొగ్గు రైళ్ళ పట్టా కింద కల్వర్టులో దూరాం. వేసవిలో నీళ్ళుండవు, చల్లగా ఉంటుంది. గుసగుసగా అన్నా గోడలు దాన్ని పెద్దది చేసి తిరిగి ఇస్తాయి. నలుగురం. పాడేవాడు సన్నగొంతోడు. వాడి గొంతు పొద్దున్నే తీసిన వెన్న. కింది స్వరం పట్టేవాడు మాకంటే రెండేళ్ళు పెద్ద, ఇల్లెందు వైపు అడవి పల్లె నుంచి వచ్చి మేనమామ ఇంట్లో చదువుకునేవాడు. వాడు "డుం" అంటే ఎక్కడో లోతునుంచి వచ్చేది, అందుకని వాణ్ణి బాయి అనేవాళ్ళం. మధ్యలో "ఊ" అని సాగదీసేవాడు మధ్యోడు, పాలు పోసే వాళ్ళబ్బాయి. వాడికి సంగీతం కంటే మేకలు ఎక్కువ తెలుసు. నాకు గొంతు లేదని మొదటి రోజే ముగ్గురూ ఏకగ్రీవంగా తేల్చి తాళం ఇచ్చారు. ప్రతి వరస చివరా నేను "షూ" అనాలి.

పాట మేమే కట్టాం. మొదటి చరణం కారేపల్లి దగ్గర ఆగిన రైలు గురించి. రెండోది అడవిలో రాలే ఇప్పపువ్వు గురించి. మూడో చరణం సన్నగొంతోడు ఒక్కడే రాసుకొచ్చాడు. నోటుపుస్తకం చివరి పేజీ చించి, మా ముఖాలు చూడకుండా చదివాడు.

పొద్దును చూడని మా నాయిన
పొద్దును నెత్తికి కట్టుకుండు
కిందికి దిగిండు, కిందికి దిగిండు
పైకొచ్చేదాక పాడుతుంట

బాయి డుం అనడం మానేశాడు. మధ్యోడు మేకలను కూడా మరిచాడు. నేను, "షూ ఎక్కడ అనాల్రా?" అని అడిగాను. ఏదో ఒకటి అనాలి కదా.

"గీ చరణం నాయిన వినాలె," అన్నాడు వాడు. "ఒక్కపారి. సాంతం."

వాడికి అంతకుమించి ఆశ లేదు. అది ఎంత పెద్దదో మాకు అప్పుడు తెలియదు.

మొదటి ప్రదర్శన వాళ్ళింట్లోనే. పొద్దున పది గంటలు. పంపు మామ అన్నం తిని, మంచంమీద ఒరిగి ఉన్నాడు. ఎండాకాలం, రేకుల మీద కాకులు, ఆయనకు నిద్ర పట్టట్లేదు. అత్త, అంటే సన్నగొంతోడి అమ్మ, విసనకర్రతో విసురుతోంది. ఇదే సమయమని వాడు మమ్మల్ని వరండాలో నిలబెట్టాడు.

"నాయినా, పాట పాడ్తం. మూడు చరణాలు."

"పాడుర్రి. మెల్లగ పాడుర్రి."

మెల్లగా పాడడమే మాకొచ్చు. బాయి డుం డుం అందుకున్నాడు. కారేపల్లి దగ్గర రైలాగింది. మామ కాళ్ళు చాపాడు. ఇప్పపువ్వు రాలడం మొదలయ్యేసరికి గురక. సన్నగొంతోడు పాట ఆపాడు. అత్త చేతిలో విసనకర్ర కూడా ఆగింది. ఆమె మొగుణ్ణి చూసింది, మమ్మల్ని చూసింది, మళ్ళీ మొగుణ్ణి చూసింది.

"ఓ పిలగా," అంది నాతో మెల్లగా, "రేపు గూడ రార్రి. చల్ల పోస్త."

మా వృత్తి జీవితం అలా మొదలైంది.

రెండు రోజుల్లో లైనంతా తెలిసిపోయింది. వెనక ఇంటి పెద్దమ్మ వచ్చి, "మా ఆయన నాలుగు దినాలాయె కన్ను మూయక. మా ఇంటికి పంపరాదు అక్కా," అని అత్తనడిగింది. అత్త మా మేనేజరయింది. పది గంటలకు ఒక ఇల్లు, పదకొండుకు ఇంకో ఇల్లు. వరండాలో నలుగురం గోడకానుకుని కూర్చుని డుం డుం అనేవాళ్ళం. లోపల గురక మొదలవగానే ఆడవాళ్ళు కాళ్ళ వేళ్ళ మీద నడిచి వచ్చి మాకు తిండి పెట్టేవారు. నువ్వులు అద్దిన సర్వపిండి, కుండలో చల్ల, మామిడికాయ ముక్కల మీద ఉప్పుకారం, ఒక ఇంట్లో వేయించిన ఇప్పపువ్వు బెల్లంతో దంచిన ఉండలు. చప్పట్లు మాత్రం ఎవరూ కొట్టలేదు. కొడితే లేస్తారు.

ఆ వేసవంతా నా కాళ్ళు నేలమీద లేవు. బజారులో పెద్ద మనుషులు మమ్మల్ని చూసి ఆవలించేవారు. అంతకంటే కీర్తి ఏముంటుంది?

చిన్న మోసం ఒకటి చేశాం. చివరి క్వార్టరు ఆమె బూరెలు బాగా వండేది. కానీ ఆమె భర్త ఎవరి సాయమూ లేకుండా రాయిలా నిద్రపోయేవాడు. మేము చాలా బాధపడ్డాం. మధ్యోడు తమ మేకను తీసుకొచ్చి వాళ్ళ కిటికీ వెనక కట్టేశాడు, దాని పిల్లను ఇవతల ఉంచాడు. రెండో రోజుకు ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. మూడో రోజుకు మాకు కబురొచ్చింది. మేకను విప్పి, డుం డుం అని, బూరెలు తిన్నాం.

అందరూ సంతోషంగా ఉన్నారు, సన్నగొంతోడు తప్ప. ప్రతి ఇంటా రెండో చరణంలోనే పని అయిపోయేది. మూడోది అడిగినవాళ్ళు లేరు. వాళ్ళ నాన్న దగ్గరయితే వాడు చెయ్యని ప్రయత్నం లేదు. ఒకరోజు నేరుగా మూడో చరణంతోనే మొదలుపెడదామన్నాడు. మామ ఆ రోజు డుం డుం కే పడుకున్నాడు. అలవాటు పడిపోయాడు.

"మీ అయ్యను లేపి వినిపించరాదుర," అన్నాడు బాయి.

"లేపితే గది పాట గాదు," అన్నాడు వాడు.

బడులు తెరిచే ముందు కాలనీ గ్రౌండులో ఏటా పాటల పోటీ జరిగేది. సాయంత్రం పూట, స్టేజీ, మైకు, బహుమతిగా స్టీలు టిఫిన్ క్యారియర్. పేర్లిచ్చాం. సన్నగొంతోడి కళ్ళలో వెలుగు ఇప్పటికీ గుర్తుంది. సాయంత్రం ఆరు గంటలంటే మామకు నిద్ర వేళ కాదు, షిఫ్టుకు ఇంకా చాలా టైముంది. మంచం లేదు, కుర్చీ.

"నాయినా, నువ్వు రావాలె. మూడు చరణాలు వినాలె."

"వస్త బిడ్డా. మూడు వింట. ఇంక నాలుగుంటె నాలుగు వింట."

ఆయన మాటతో ఊరుకోలేదు. నలుగురికీ ఒకే రకం చొక్కాలుండాలని ఆకుపచ్చ గుడ్డ కొని దర్జీకిచ్చాడు. పోటీ రోజు పొద్దున షిఫ్టు దిగి, స్నానం చేసి, చొక్కాలు తేవడానికి బజారుకు పోయాడు. దర్జీ ఇంకా కుట్టలేదు. అతను కుట్టేదాకా మామ దుకాణం ముందు బల్ల మీద కూర్చున్నాడు, కదిలితే ఇంకొకరి గుడ్డ అందుకుంటాడని. నాలుగు గంటలకు చొక్కాలు పట్టుకుని వచ్చాడు. ఆ రోజు ఆయన బూట్లు గడపముందు నిటారుగానే ఉన్నాయి. మేము చొక్కాలు చూసుకున్నాం గానీ బూట్లు చూడలేదు.

మేము చేసిన ఇంకో తప్పు ఇంతకంటే పెద్దది. మా మీద అభిమానంతో మూడో షిఫ్టు వాళ్ళంతా వచ్చి ముందు రెండు వరసలూ నింపారు. న్యాయనిర్ణేతలు ముగ్గురిలో ఒకాయన కూడా మా లైను మనిషే. రెండు నెలలపాటు ఇల్లిల్లూ తిరిగి వాళ్ళకు ఏం నేర్పామో మాకు గుర్తు లేదు.

బాయి డుం అన్నాడు. మైకులో ఆ డుం గ్రౌండంతా పాకింది, నా అరికాళ్ళలో దిగింది. సన్నగొంతోడు అందుకున్నాడు. వెనక వరసల జనం మాట్లాడ్డం ఆపేశారు. అంత బాగా ఎప్పుడూ పాడలేదు. నా షూ కూడా ఎక్కడా తప్పలేదు. కారేపల్లి దాటేసరికి ముందు వరసలో ఒక తల వాలింది. తర్వాత దాని పక్కది. ఇప్పపువ్వు రాలుతుంటే తలలు కూడా రాలాయి. న్యాయనిర్ణేత పెన్ను కింద పడింది.

పంపు మామ మాత్రం మేలుకునే ఉన్నాడు. రెండు చేతులతో కుర్చీ పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, యుద్ధం చేస్తున్నాడు. రెండో చరణం చివరి వరస వచ్చింది. ఆయన గడ్డం ఛాతీకి తగిలింది.

అది సన్నగొంతోడు చూశాడు. వాడు చూడడం నేను చూశాను. మూడో చరణం మెల్లగా మొదలవ్వాలి. వాడు గట్టిగా అందుకున్నాడు. మా చరిత్రలో ఎవరూ అంత గట్టిగా పాడలేదు. "పొద్దును" అన్నంత వరకే వచ్చింది. అక్కడే వాడి గొంతు నిట్టనిలువునా చీలింది. ఒక నెమలీ, నూనెలేని ఒక తలుపూ కలిసి అరిచినట్టు. గొంతు మారే వయసు ఆ రోజే, ఆ మైకు ముందే వచ్చింది.

పంపు మామ ఉలిక్కిపడి లేచాడు. "పంపాగింది," అన్నాడు. అని, కుర్చీలు తోసుకుంటూ ఉరికి, స్టేజీ పక్కనున్న నీళ్ళ డ్రమ్ము కొళాయి రెండు చేతులతో తిప్పడం మొదలుపెట్టాడు. కొళాయి ఊడి ఆయన చేతికొచ్చింది. నీళ్ళు చిమ్మి మొదటి వరస మొత్తం లేచింది. గ్రౌండంతా నవ్వింది. చాలాసేపు నవ్వింది. మామకు అప్పుడు మెలకువ వచ్చింది. చేతిలో కొళాయి పట్టుకుని కొడుకు వైపు చూశాడు. కొడుకు అప్పటికే స్టేజీ వెనక మెట్లు దిగిపోయాడు.

టిఫిన్ క్యారియర్ హార్మోనియం వాయించిన ఒక అమ్మాయికి దక్కింది. మాకు ప్రోత్సాహక బహుమతి కింద నాలుగు సబ్బు పెట్టెలిచ్చారు, సబ్బు లేకుండా.

వారం రోజులు సన్నగొంతోడు వాళ్ళ నాన్నతో మాట్లాడలేదు. ఇద్దరూ వేర్వేరు షిఫ్టుల మనుషులు కనుక అది ఎవరికీ పెద్దగా తెలియలేదు. బడులు తెరిచారు. వానలొచ్చి కల్వర్టులో నీళ్ళు పారాయి. బాయి పల్లెకు తిరిగిపోయాడు. మా బృందం ఆయుష్షు ఒక వేసవి.

ఇవన్నీ నెమరేసుకునేసరికి బస్సు కొత్తగూడెం చేరింది. సన్నగొంతోడి ఇల్లు ఇప్పుడు కాలనీ బయట, రెండంతస్తులు. సైరన్ వినపడలేదు. అడిగితే, ఆ బొగ్గుబాయి మూతపడి చాలా కాలమైందన్నారు. మెట్ల దగ్గర మామ చెప్పులు సరిగ్గా, పక్కపక్కన ఉన్నాయి. మేలుకునే ఉన్నాడన్నమాట.

నలుగురం కలిశాం. బాయి గొంతు వయసుతో పైకొచ్చేసింది. మధ్యోడికి కట్టుడు పళ్ళు, ఊ అంటే ఈల వస్తోంది. సన్నగొంతోడు లారీలా గరగరమంటున్నాడు. నేను సాధన చేశాను గనుక నా గురించి చెప్పుకోను. మామ కిటికీ పక్క మంచంమీద పడుకుని ఉన్నాడు, బక్కగా, మడతపెట్టిన చేతిరుమాలులా.

"నాయినా, పాడ్తం. పండుకో."

"కానియ్యిర్రి."

కారేపల్లి దగ్గర రైలాగింది. చాలా కష్టంమీద ఆగింది. మామ కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఇప్పపువ్వు రాలింది. గురక లేదు. సన్నగొంతోడు నా వైపు చూశాడు. అరవై దగ్గరపడిన మనిషి చూపు కాదది. మూడో చరణం అందుకున్నాడు. పొద్దును చూడని మా నాయిన. గొంతు రెండుచోట్ల తప్పింది, వాడు ఆపలేదు. కిందికి దిగాడు, మళ్ళీ దిగాడు, పైకొచ్చేదాకా పాడాడు. నేను చివరి షూ అన్నాను.

మామ కళ్ళు తెరిచాడు.

"ఒక్కడు గూడ సక్కగ నడుస్తలేడు," అన్నాడు. "ఎట్ల పండుకుంటర? పంపు మంచిగ నడిస్తె నిద్రొస్తది. అప్పుడు మీరు ఎంత మంచిగ పాడ్తుండిరి. వింటుంటె, అన్ని సక్కగున్నయి, భయం లేదనిపించేది."

మధ్యోడు పళ్ళు సర్దుకున్నాడు. మామ కొంతసేపు పైకప్పు చూసి, కొడుకు వైపు తిరిగాడు.

"మూడోది ఎప్పుడు కలిపిర్రు?"

సన్నగొంతోడు మంచం అంచున కూర్చున్నాడు.

"మొదటి సంది ఉన్నదే మామా," అన్నాను నేను.

"అవ్?" అన్నాడాయన. చేయి చాపి కొడుకు మణికట్టు పట్టుకున్నాడు, కొళాయి పట్టుకున్నంత గట్టిగా. "మల్లొక్కపారి అనుర్రి. గదొక్కటే."

అన్నాం. ఇంకోసారి అన్నాం. వంటింట్లోంచి సన్నగొంతోడి భార్య తొంగిచూసి, పడుకున్నాడా అని చేత్తో అడిగింది. ఇంకా లేదని తల ఊపాను. కానీ మూడోసారికి మాకు కుదురుతోంది. బాయి తన లోతు వెతుక్కున్నాడు, ఈల తగ్గింది, సన్నగొంతోడి గరగరలోంచి పాత వెన్న కొంచెం బయటికొచ్చింది. నలుగురం ఒకే తీరున నడుస్తున్నాం. మామ రెప్పలు బరువెక్కుతున్నాయి.

మమ్మల్ని పిలిచిందే అందుకని నాకు తెలుసు. అయినా చరణం ఇంకా రెండు వరసలుంది.

నా షూను తాళానికి ఒక దెబ్బ ఆలస్యంగా వదిలాను. మామ కళ్ళు మళ్ళీ తెరుచుకున్నాయి.